పూజలో ఉన్న కడ్డీ

తెల్లవారుతూనే ఇరుగుపొరుగు ఆడవాళ్ళు వాకిట్లో కళ్ళాపి చల్లుకుంటుంటే, నేను పెట్రోలు ట్యాంకులోకి కడ్డీ దించుకునేదాన్ని. నాంపల్లి స్టేషన్ రోడ్డులో మా బంకు. ట్యాంకు భూమిలో ఉంటుంది. పైకి ఒక గొట్టం మూతి మాత్రమే కనిపిస్తుంది. దానికి మరమూత, దాని మీద వాననీళ్ళు పోకుండా ఇనప పలక. పలక జరిపి, మూత తిప్పి తీసి, మనిషికంటే పొడుగున్న ఇత్తడి కడ్డీని అడుగు తగిలేదాకా దించి పైకి లాగితే, ఎంతవరకు తడిసిందో అంత పెట్రోలు ఉన్నట్టు. అంతవరకు ఎవరైనా చేస్తారు. అసలు పని కడ్డీ కొసన ఉంది. కంపెనీ వాళ్ళిచ్చే గోధుమరంగు ముద్ద ఒకటి అక్కడ పులమాలి. పెట్రోలు తగిలితే ముద్ద ఉన్న రంగులోనే ఉంటుంది, నీళ్ళు తగిలితే ఎర్రబడుతుంది. పెట్రోలు తేలిక, నీళ్ళు బరువు, కాబట్టి నీళ్ళెప్పుడూ అడుక్కి చేరతాయి. పంపు గొట్టం అడుగుకి నాలుగు వేళ్ళ ఎత్తున ఉంటుంది గనక ఎరుపు అంతలోపల ఉంటే బెంగ లేదు. అది దాటిందంటే బళ్ళలోకి నీళ్ళు పోసి పంపుతున్నట్టే. రోజూ మొదటి బండికి పొయ్యకముందు ఈ పరీక్ష చెయ్యాలి. వాన పడితే మళ్ళీ చెయ్యాలి. ఎరుపు నాలుగు వేళ్ళు దాటితే అమ్మకం ఆపేసి కంపెనీకి కబురు పెట్టాలి. ఇవి రూళ్ళు.

మా ఆయన భావనారాయణ గారున్నప్పుడు ఆ పని ఆయనది. ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన మరుసటేడు తెనాలి నుంచి వచ్చి ఈ బంకు పెట్టుకున్నారు. పిల్లలు లేరు. ఉన్నదల్లా బంకు, దాని వెనక రెండు గదుల ఇల్లు. ఆయన కామెర్లతో పోయాక కంపెనీ వాళ్ళకి నేనొక తలనొప్పినయ్యాను. ఆడది బంకు నడపడమేమిటని వాళ్ళ అనుమానం. ఆ అనుమానాన్ని మా మరిది లక్ష్మణరావు తెనాలి నుంచి వచ్చి మరీ ఎగదోశాడు. "మా వదినగారు రోడ్డు మీద కూచోవడం కుటుంబానికి మర్యాద కాదండీ" అని వాళ్ళతో అన్నాడు. నాతో మాత్రం, "వెనక వసారా గది మీకోసం ఖాళీ చేయించాను వదినా, హాయిగా జపం చేసుకుంటూ ఉండొచ్చు" అన్నాడు. నాకింకా నలభై దాటలేదు. జపానికి బోలెడు టైముందనిపించింది.

కంపెనీ ఇన్‌స్పెక్టరు రాధాకృష్ణమూర్తి గారిది రేపల్లె. మా వైపు మనిషే గనక ఇద్దరికీ నచ్చే మాటొకటి చెప్పారు. దీపావళి దాకా బంకు నా పేరున నడవాలి. ఈలోగా పెట్రోలు మీద ఒక్క మచ్చ పడకపోతే అది నాదే. పడితే లక్ష్మణరావుది. నేను సరేనన్నాను. ఆ వసారా గదిలో పడి మరిది పిల్లలకి పప్పు రుబ్బుతూ బతికేకన్నా రోజూ పెట్రోలు వాసన పీల్చడం నాకు నయమనిపించింది.

పెట్రోలు బంకులో ఇంకో చిక్కుంది. అది నాకు మా ఆయన పోయాకే తెలిసొచ్చింది. ఎవరెక్కడికి బయల్దేరినా ముందు బంకుకే వస్తారు. పెళ్ళిచూపులకి పోయేవాళ్ళు, కోర్టు వాయిదాకి పోయేవాళ్ళు, పురిటికి కూతుర్ని తీసుకుపోయేవాళ్ళు, అందరూ మొదట ఆగేది నా వాకిట్లోనే. గుమ్మం దాటగానే విధవ ఎదురైతే ఎవరికి మాత్రం బాగుంటుంది. మొదట్లో నేను తెలియక బయటే కుర్చీ వేసుకుని కూచునేదాన్ని. ఒకాయన పంపు దాకా కారు తెచ్చి, నన్ను చూసి, పోయించుకోకుండానే వెనక్కి తిప్పుకుని అబిడ్స్ వైపు పోయాడు. నాకు ముందు అర్థం కాలేదు. పంపు కొట్టే రాజయ్యకి అర్థమైంది. మర్నాడు నేను కూచునే అద్దాల గదికి కర్టెను కట్టాడు.

"ఎండ పడుతున్నదమ్మా" అన్నాడు.

ఆ గదికి ఏ కాలంలోనూ ఎండ పడదు. రాజయ్య మంచివాడు. ఎవరి మొహం మీదా ఏదీ అనలేడు.

అప్పటినుంచి బళ్ళు రాకముందే కడ్డీ దించుకుని కర్టెను వెనక్కి వెళ్ళిపోయేదాన్ని. రోజంతా గొంతులు వినేదాన్ని. ఫలానా డాక్టరు గారికి జలుబు చేసిందని, ఫలానా వకీలుకి కోపం వచ్చిందని గొంతును బట్టి తెలిసేది. వాళ్ళ మొహాలు మెల్లగా మరిచిపోయాను. వాళ్ళు నన్ను మరిచిపోయారో, గుర్తుంచుకుని తప్పించుకున్నారో నాకు తెలియదు. ఊళ్ళో సగం బళ్ళు నా పెట్రోలుతో నడుస్తున్నాయి, ఒక్క మనిషి నాతో మాట్లాడడు. ఒంటరితనం అంటే ఇంట్లో ఎవరూ లేకపోవడమని అదివరకు అనుకునేదాన్ని. ఇంటి ముందు ఇంతమంది ఉండగా కూడా అది ఉంటుందని ఆ ఏడాదే తెలిసింది.

సాయంత్రాలు ఊపిరాడక అబిడ్స్ దాకా నడిచేదాన్ని. అక్కడ ఎవరూ బయల్దేరడం లేదు, అందరూ వచ్చేసినవాళ్ళే, కాబట్టి నేను ఎదురైనా పట్టించుకోరు. చీరల దుకాణాల ముందు జనాన్ని తోసుకుంటూ నడవడం నాకు ఇష్టంగా ఉండేది. భుజాలు తగులుతాయి. పెద్ద పోస్టాఫీసు దగ్గర కాసేపు నిలబడి, ఎవరికీ వెయ్యాల్సిన ఉత్తరం లేదని గుర్తొచ్చి తిరిగొచ్చేదాన్ని.

మా వెనక సందులో జానకమ్మ పిన్నిగారుంది. గుంటూరు వైపు వాళ్ళు. కొడుకు సదాశివకి సెక్రటేరియట్‌లో ఉద్యోగం. మా ఆయనున్న రోజుల్లో ఆవిడ లేని పేరంటం నాకు లేదు, నేను లేని వాయనం ఆవిడకి లేదు. ఆయన పోయాక కూడా ఆవిడ నన్ను పలకరించేది, కాకపోతే మధ్యాహ్నాలు మాత్రమే, అదీ ఇంటికి తిరిగెళ్ళేటప్పుడు. పొద్దున పూట నన్ను చూస్తే చెంగు సర్దుకుంటూ అటు తిరిగేది. ఆవిడ చెడ్డదని నేనెప్పుడూ అనుకోలేదు. నేనూ పసుపు కుంకాలతో ఉన్నప్పుడు అలా ఎన్నిసార్లు చెంగు సర్దుకున్నానో ఏమో.

ఇంతలో దసరా వచ్చింది. క్రిందటేడు మైల అని పూజ లేదు. ఈ ఏడు రాజయ్య ముందుగానే వచ్చి నిలబడ్డాడు.

"అమ్మా, రేపు నవమి. పంపుకు పూజ జెయ్యాలె గద. మా జంగమ్మ జేస్తది."

"చెయ్యనీ."

"నువ్వు జర లోపట..." అని ఆగిపోయాడు.

"కర్టెను ఉందిగా రాజయ్యా" అన్నాను.

జంగమ్మ రాజయ్య భార్య. వాళ్ళది నల్లగొండ దగ్గర పల్లె. నాలుగిళ్ళలో పని చేసుకుంటూ, పొద్దుపోయేలోపు ఒకసారి మా ఇంటి గుమ్మంలో కూచుని పోయేది. ఆ ఊళ్ళో నా గుమ్మంలో కూచునే మనిషి ఆవిడొక్కతే. నవమి నాడు అంచున్న చీరేదో కట్టుకుని, జడ నిండా బంతిపూలు పెట్టుకుని వచ్చింది. పంపులకి, ట్యాంకు గొట్టం మూతికి పసుపు రాసింది. రెంచీలు, గరాటు, ఐదు లీటర్ల కొలపాత్ర, వాటి పక్కన కడ్డీ, అన్నిటినీ పీట మీద పేర్చింది. పూజలో పెట్టిన పనిముట్టును ఆ రోజు ముట్టరు. మర్నాడు విజయదశమి పొద్దున మళ్ళీ పూజ చేసి, కదిలించి, అప్పుడు తీస్తారు. అందరి ఇళ్ళలోనూ ఉన్నదే ఇది. డ్రైవరు స్టీరింగు ముట్టడు, దర్జీ కత్తెర ముట్టడు.

"కడ్డీ వద్దు రాజయ్యా, రేపొద్దున కావాలి" అన్నాను కర్టెను వెనక నుంచి.

"గా కడ్డీ లేకపోతే పూజేందమ్మా. సారున్నప్పుడు గూడ పెట్టేది."

నిజమే. ఆయనున్నప్పుడూ పెట్టేవారు. మర్నాడు చీకటితో లేచి, స్నానం చేసి, ఆయనే కదిలించుకుని కడ్డీ తీసుకునేవారు. ఇప్పుడు ఆయన లేరు. కుంకుమ బొట్లు పెట్టిన పీట మీద నేను చెయ్యి వెయ్యకూడదు. ఎవరో వద్దనడం కాదు, నాకే చెయ్యి రాదు. చిన్నప్పటినుంచి చూసింది ఒంట్లో ఉండిపోతుంది.

కొబ్బరికాయ కొట్టిన చప్పుడు వినిపించింది. ఆ వెంటనే అగ్గిపుల్ల గీసే చప్పుడు వినబడింది.

"హారతి ట్యాంకు దగ్గర వద్దు, రోడ్డవతల వెలిగించండి" అని కేకేశాను.

వాళ్ళు నవ్వుకుంటూ రోడ్డు దాటి, అవతలి కిరాణా అరుగు మీద కర్పూరం వెలిగించి, అక్కణ్ణుంచే మా బంకుకి హారతి చూపించారు. మధ్యలో రిక్షాలు పోతున్నాయి. నాకూ నవ్వొచ్చింది. నిప్పు విషయంలో ఇంత జాగ్రత్త పడ్డాను గదా అని నిశ్చింతగా కూచున్నాను. నీళ్ళ సంగతి ఎవరికీ తట్టలేదు.

సాయంత్రం పండగని బంకు త్వరగా కట్టేశాం. దీపాలు పెట్టే వేళకి వాన మొదలైంది. మంచి వాన. గదిలో ఒక్కదాన్నీ దాని చప్పుడు వింటూ పడుకున్నాను. చాలా రోజులకి నాకు మనసు తేలికగా ఉండింది. దీపావళి ఎంతో దూరంలో లేదు, బంకు మీద మచ్చ లేదు.

మర్నాడు పొద్దున లేచి బంకులోకి వచ్చాను. పీట మీద కడ్డీ బొట్లతో అలాగే ఉంది. వాన పడింది గనక కడ్డీ దించి డిప్ చూడందే పొయ్యకూడదు. రాజయ్య అప్పుడే వచ్చి నేల ఊడుస్తున్నాడు.

"జంగమ్మ ఏదీ?"

"తానం జేసి వస్తదమ్మా. వచ్చి కదిలిస్తది. పూజ జేసిన చెయ్యే కదిలియ్యాలె గద."

పీట దగ్గర నిలబడి కడ్డీ వంక చూస్తున్నాను. చెయ్యి చాపితే అందేంత దూరం. అప్పుడే సందులోంచి సదాశివ అంబాసిడర్ వచ్చి పంపు దగ్గర ఆగింది. యాదగిరిగుట్టకి బయల్దేరారు. ముందు సీట్లో సదాశివ, పక్కన పెళ్ళాం, వెనక పిల్లలు, వాళ్ళ మధ్య పట్టుచీరలో జానకమ్మ పిన్నిగారు. ఆవిడ కిటికీలోంచి చూసింది. ఎదురుగా నేను. తప్పుకోవడానికి నాకూ వీల్లేకపోయింది, అటు తిరగడానికి ఆవిడకీ టైము లేకపోయింది. ఆవిడ కళ్ళు మూసుకుని పెదాలు కదిలించింది. నేను గబగబా కర్టెను వెనక్కి వెళ్ళిపోయాను.

"ట్యాంకు నింపు రాజయ్యా, వర్జ్యం వచ్చేస్తోంది" అన్నాడు సదాశివ.

రాజయ్య ఒక్క క్షణం ఆగినట్టు తెలిసింది. డిప్ చూడలేదని వాడికీ తెలుసు. ఆగమని చెప్పాలంటే నేను మళ్ళీ వాళ్ళ ఎదుటికి రావాలి. వచ్చి ఆపితే ఇంకా అపశకునం. నేను నోరు విప్పేలోపల పంపు తిరిగే చప్పుడు మొదలైంది.

వాళ్ళు వెళ్ళిన కాసేపటికి జంగమ్మ వచ్చింది. పసుపు బియ్యం చల్లి, పీట కదిలించి, కడ్డీ తీసి నా చేతికిచ్చింది. ముద్ద పులిమి ట్యాంకు దగ్గరికి వెళ్ళాను. ఇనప పలక పక్కకి జరిపి ఉంది. గొట్టం మూతి మీద మరమూత ఊరికే ఆనించి ఉంది, బిగించి లేదు. మూతి చుట్టూ పెట్టిన కుంకుమ కారి లోపలికి పోయిన చారలు కనిపిస్తున్నాయి. బొట్లు పెట్టడానికి మూత తీసి, బిగిస్తే బొట్టు చెరిగిపోతుందని జంగమ్మ అలా వదిలేసింది. రాత్రి వానకి మూతి చుట్టూ ఉన్న గుంట నిండి నీళ్ళన్నీ గొట్టంలోకి దిగాయి. కడ్డీ దించి తీశాను. ముద్ద జానెడు మేర ఎర్రబడింది.

జంగమ్మకి ఆ ఎరుపు సంగతి తెలియదు. రాజయ్యకి తెలుసు. వాడు కడ్డీ వంక చూసి, మూత వంక చూసి, పెళ్ళాం వంక చూశాడు.

"అమ్మా, నేనే మూత గట్టిగ పెట్టలే" అంది జంగమ్మ, వాడి మొహం చూసి.

"ఊరుకో. నువ్వు పూజ చేశావు. మూత చూసుకోవాల్సింది నేను" అన్నాను.

"చేతిపంపు పెట్టి అడుగుది గుంజేస్తనమ్మా. ఎవరికి తెల్వది" అన్నాడు రాజయ్య.

నిజంగానే ఎవరికీ తెలియదు. పొద్దెక్కేలోపు నీళ్ళు లాగెయ్యొచ్చు. కానీ ఒక కారు వెళ్ళింది. అది ఎక్కడో ఆగుతుంది. ఆగితే సదాశివ ఊరుకోడు, సెక్రటేరియట్ మనిషి, కంపెనీకి ఫిర్యాదు రాస్తాడు. లక్ష్మణరావు ఖాళీ చేయించిన గది నా కళ్ళ ముందు కనబడింది. వెళ్ళి కర్టెను వెనక కూచున్నాను. ఏమీ పాలుపోలేదు.

ఎక్కువసేపు పట్టలేదు. రిక్షాల గంటలు, జనం గోల వినిపించాయి. అబిడ్స్ పోస్టాఫీసు దాకా పోయి కారు ఆగిపోయిందట. దారిన పోయే నలుగురు సాయం పట్టి, తోసుకుంటూ మళ్ళీ మా బంకుకే తెచ్చారు. ఆడవాళ్ళు, పిల్లలు రిక్షాల్లో వచ్చారు. సదాశివ రొప్పుతున్నాడు. వాడేమంటాడోనని చెవులు రిక్కించుకుని ఉన్నాను. ముందు మాట్లాడింది జానకమ్మ పిన్నిగారు.

"అనుకున్నాను. బండి ఎక్కగానే ఆవిడ మొహం ఎదురైంది. అప్పుడే వెనక్కి తిరుగుదామన్నాను, నువ్వు వినలేదు" అంది కొడుకుతో.

"కొత్త బ్యాటరీ, మొన్ననే సర్వీసింగు చేయించాను. ఇంకేం ఉంటుంది" అన్నాడు సదాశివ. పెట్రోలు మాటే ఎత్తలేదు.

నాకు మొదట కలిగింది బాధ కాదు. గుండెల మీద నుంచి బరువు దిగినట్టయింది. వాళ్ళకి నా మొహం చాలు, ట్యాంకు దాకా రారు. బంకు నాకు మిగిలింది. ఇలా అనిపించిందని చెప్పుకోవడానికి నాకు సిగ్గుగా లేదు. మునిగిపోయేవాళ్ళకి ఏది దొరికితే అదే.

అప్పుడు రాజయ్య మాట్లాడాడు.

"ఏం జేస్తం అమ్మగారూ. మేం జెప్పినం ఆమెకు, పొద్దుగాల ముంగటికి రావద్దని. ఇంటలేదు."

రాజయ్య నాకోసమే ఆ మాటన్నాడు. నాకు తెలుసు. నా అన్నం నాకు మిగలాలని, జంగమ్మ మీదికి రాకూడదని, వాళ్ళ మాటకి తల ఊపాడు. వేరే ఎవరన్నా అంటే పడేదాన్నేమో. ఏడాదిగా నా పక్కన నిలబడ్డ మనిషి నోట్లోంచి అది వినేసరికి ఒళ్ళు మండిపోయింది. బంకు మిగిలితే మాత్రం నేనేమవుతాను? ఇంక నాంపల్లిలో ఏ బండి ఆగినా, ఏ బిడ్డకి జ్వరం వచ్చినా, ఈ కర్టెను వంకే చూస్తారు. ఇవాళ నేను ఒప్పుకున్నట్టవుతుంది.

లేచి కర్టెను పక్కకి లాగాను. కడ్డీ పట్టుకుని బయటికొచ్చాను. రిక్షావాళ్ళు కూడా చూస్తున్నారు.

"రాజయ్యా, అమ్మకం ఆపెయ్. ట్యాంకులోకి వాననీళ్ళు దిగాయి. పిన్నిగారూ, మీ కారు నన్ను చూసి ఆగలేదు. నీళ్ళు పోసి పంపించాం, అందుకని ఆగింది" అన్నాను.

ఎవరూ నమ్మినట్టు లేదు. కిరాణా కొట్టు నుంచి ఖాళీ సోడా సీసా తెప్పించి, కారు కింద గొట్టం విప్పి సీసాలోకి పట్టమన్నాను. సీసా నిండాక పైకెత్తి వెలుగులో పెట్టాను. నీళ్ళన్నీ అడుక్కి దిగి, వాటి మీద కాస్త పెట్రోలు విడిగా తేలింది. పిల్లలు దగ్గరికొచ్చి చూశారు. సదాశివ సీసా తీసుకుని వాసన చూసి, కదిపి, మళ్ళీ చూశాడు.

"నీళ్ళే అమ్మా" అన్నాడు తల్లితో.

జానకమ్మ పిన్నిగారు సీసా వంక చాలాసేపు చూసింది. నా వంక చూడలేదు.

కిరాణా కొట్టు ఫోనులోంచి నేనే రాధాకృష్ణమూర్తి గారికి కబురు చెప్పాను. పండగ పూట కొత్త బట్టలతో స్కూటరు మీద వచ్చారు. మూత చూశారు, తనే మళ్ళీ కడ్డీ దించి చూశారు. నన్ను పక్కకి పిలిచారు.

"పొద్దున డిప్ ఎందుకు చూడలేదమ్మా?"

"కడ్డీ పూజలో ఉందండి."

"తీసుకోవలసింది."

"నేను తీసుకోకూడదండి" అన్నాను. ఆయన నా నుదుటి వంక చూసి తల దించుకున్నారు.

కడ్డీ గోడకి ఆనించి, "వాళ్ళు పెట్రోలు అని కూడా అనలేదటగా. మీరు ఫోను చెయ్యకపోతే నాకు తెలిసేదే కాదు" అన్నారు.

"తెలుసండి. మరి కారెందుకు ఆగిందని రాసుకునేవారు? మీ రూళ్ళలో నా మొహానికి ఏదైనా పరీక్ష ఉందా?"

ఆయన వెళ్ళి పంపు గొట్టాలకి తీగ చుట్టి సీసపు సీలు బిగించారు. మంచివాడే, కానీ రూలు రూలే. మాట ముందే అనుకున్నది కాబట్టి దీపావళి దాకా ఆగడం కుదరదన్నారు. బంకు లక్ష్మణరావు పేరుకి మారుతుందని, తెనాలికి రేపే రాస్తానని చెప్పారు. వెళ్ళేముందు, "మీకు చాలా అన్యాయం జరిగిందమ్మా" అన్నారు. ఎవరు చేశారో చెప్పలేదు. స్కూటరెక్కి వెళ్ళిపోయారు.

జంగమ్మ పంపు గట్టు మీద కూచుని కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడుస్తోంది. రాజయ్య నా వంక చూడలేక కారు కింద దూరాడు. కారు ట్యాంకు కడిగి, ఇంజను శుభ్రం చేసి, డబ్బా పట్టుకుని అబిడ్స్ బంకుకి పోయి పెట్రోలు తెచ్చి పోశాడు. ఇదంతా అయ్యేసరికి మధ్యాహ్నమైంది. పిల్లలకి నేను మా ఇంట్లో అన్నం పెట్టాను. చాలా రోజులకి ఆ ఇంట్లో చిన్నపిల్లల ఎంగిలి కంచాలు కడిగాను. ఆ కాసేపు నాకు బంకు పోయిన సంగతి కూడా గుర్తు లేదు.

సదాశివ ఇంజను వేసి చూసుకుని, ఆపి, అందర్నీ ఎక్కమన్నాడు. జానకమ్మ పిన్నిగారు కారు తలుపు దాకా వెళ్ళి, మళ్ళీ వెనక్కి నా దగ్గరకొచ్చింది. నా చెయ్యి పట్టుకుంది. ఆయన పోయాక ఆవిడ నన్ను ముట్టుకోవడం అదే మొదలు.

"కోటేశ్వరమ్మా, పొద్దున నోరు జారాను. నీళ్ళేనని కళ్ళారా చూశానుగా. ఏమీ అనుకోకు" అంది.

"అనుకోను పిన్నిగారూ" అన్నాను. నాకు కళ్ళు చెమర్చాయి.

ఆవిడ చెయ్యి వదల్లేదు. ఇంకేదో చెప్పాలని ఉంది, చెప్పలేకపోతోంది. అటూ ఇటూ చూసి, గొంతు బాగా తగ్గించి, ఎంతో ప్రేమగా అడిగింది.

"మరి మేం బయల్దేరతాం. నువ్వు కాస్త లోపలికి వెళ్తావా అమ్మా?"

నాకు కోపం రాలేదు. బంకు ఇచ్చేశాను, ఊరు ఇచ్చేశాను, ఆ సీసా ఎత్తి ఆవిడ కళ్ళ ముందు పెట్టాను. ఆవిడ చూసింది, నమ్మింది కూడా. నమ్మి, లోపలికి వెళ్ళమంటోంది. నీళ్ళకి పరీక్ష ఉంది గనక నీళ్ళని నమ్మింది. నా సంగతి పరీక్షతో తేలేది కాదు.

ఆవిడ చేతిలోంచి నా చెయ్యి మెల్లగా తీసుకున్నాను.

"నేను ఇక్కడే ఉంటాను పిన్నిగారూ. మీరు క్షేమంగా వెళ్ళిరండి" అన్నాను.

సదాశివ హారను కొట్టాడు. ఆవిడ వెళ్ళి ఎక్కి, అటువైపు కిటికీలోంచి చూస్తూ కూచుంది. కారు ఒక్క ఊపున కదిలింది. నేను సీలు వేసిన పంపు పక్కన, రోడ్డుకి ఎదురుగా, వాళ్ళు అబిడ్స్ వైపు మలుపు తిరిగేదాకా నిలబడ్డాను.

ఆ తర్వాత నిలబడలేకపోయాను. ఇంట్లోకి వెళ్ళి కూచున్నాను. జంగమ్మ తినమని బతిమాలి, బతిమాలి, వెళ్ళిపోయింది. భువనగిరి దాటారో లేదో అనుకున్నాను. ఆ దారిలో ఎడ్లబళ్ళు అడ్డం వస్తాయి. సదాశివ వేగంగా నడుపుతాడు. కొండ మెట్ల దగ్గర పిల్లలు పరుగులు తీస్తారు. ఒక్క టైరు పంచరైనా, ఒక పిల్ల మోకాలు దోక్కుపోయినా, ఇదీ కారణమని చూపించడానికి సోడా సీసాలో ఏమీ ఉండదు. ఆ దేవుడికి వాళ్ళు ఏం మొక్కుకున్నారో గాని, వాళ్ళకోసం నేను మొక్కుకున్నంతగా ఎవరూ మొక్కుకుని ఉండరు.

చీకటి పడ్డాక సందులో కారు ఆగిన చప్పుడైంది. తలుపులు ఒక్కొక్కటే వేశారు. పిల్లల గొంతులు వినిపించాయి, సదాశివది వినిపించింది, వాడి పెళ్ళానిది వినిపించింది. జానకమ్మ పిన్నిగారి గొంతు కోసం చెవి ఒగ్గి కూచున్నాను. ప్రసాదం తీసి లోపల పెట్టమని ఎవరితోనో చెబుతోంది. అప్పుడు లేచి, దీపం పెట్టుకుని, అన్నం వడ్డించుకున్నాను.